నాగావళి నీళ్ళలో కనిపించిన రంగు పోగులు నిజంగా ప్లాస్టిక్ పోగులేనా?

అడిగినవారు: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం పట్టణానికి దగ్గరలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడాది విజ్ఞాన ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు నాగావళి నీటిలో మైక్రోప్లాస్టిక్ ఎంత ఉందో తామే చూస్తామని ముందుకు వచ్చారు. పట్టణానికి ఎగువన ఒకచోట, ఊళ్ళోని మురుగు గెడ్డ నదిలో కలిసే చోట, పట్టణం దాటాక దిగువన మరొకచోట తలా ఒక బకెట్ నీళ్ళు తెచ్చి, ప్రయోగశాలలో ఉన్న మామూలు వడపోత కాగితం మీద వడగట్టి, ఆ కాగితాలను ఆరబెట్టి సూక్ష్మదర్శినిలో చూశారు. మూడు చోట్ల నీళ్ళలోనూ నీలం, ఎరుపు, నలుపు రంగుల సన్నని పోగులు కనిపించాయి. పిల్లల ఉత్సాహానికి హద్దు లేకపోయింది.

అయితే ఒక అమ్మాయి ఎవరూ చెప్పకుండానే స్టాఫ్ రూమ్‌లోని ఇరవై లీటర్ల క్యాన్ నీటిని కూడా అదే విధంగా వడగట్టింది. అందులోనూ దాదాపు అన్నే పోగులు కనిపించాయి. అప్పటి నుంచి తరగతి రెండు వర్గాలైంది. క్యాన్ నీళ్ళు కూడా నది నీళ్ళంత కలుషితమని చార్టు మీద రాయాలని కొందరు, ప్రయోగంలోనే ఏదో తప్పు జరిగిందని మిగిలినవారు వాదిస్తున్నారు. దీనికి తోడు కవిటి నుంచి వచ్చి ఇక్కడ బంధువుల ఇంట్లో చదువుకుంటున్న ఒక అబ్బాయి, తన తాతగారు డయాలసిస్ మీద ఉన్నారనీ, తమ ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఈ ప్లాస్టిక్కేనా అనీ అడిగాడు. ఆ ప్రశ్నకు నేను ఏదో ఒక సమాధానం చెప్పి తప్పించుకోలేను.

పిల్లలు నలుగురి ముందు నిలబడి చెప్పే మాట నిజమై ఉండాలని నా కోరిక. మా దగ్గర ఉన్న సామగ్రితో ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు, తిరిగి చేయాలంటే ఎలా చేయాలి అన్నది ఈ రంగంలో పని చేసినవారు వివరంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: పర్యావరణ శాస్త్ర పరిశోధకుడు, విశాఖపట్నం

మేడమ్, నమస్కారం. మాది ఆమదాలవలస. కొన్నేళ్ళుగా తీరప్రాంతపు ఇసుకలోనూ నీటిలోనూ సూక్ష్మ ప్లాస్టిక్‌ను వేరు చేసే పనిలో ఉన్నాను. ముందుగా ఆ క్యాన్ నీళ్ళు వడగట్టిన అమ్మాయిని నా తరఫున అభినందించండి. తనకు తెలియకుండానే ఈ పరిశోధనలో అన్నిటికన్నా ముఖ్యమైన పని చేసింది. మేము దానిని బ్లాంక్ అంటాము. పరీక్షించవలసిన పదార్థం ఏదీ లేకుండా, మిగిలిన పనులన్నీ యథాతథంగా చేసి, చివరికి కాగితం మీద ఏమి మిగిలిందో చూడటమే బ్లాంక్. మంచి నీటిలోనూ నది నీటిలోనూ ఒకే సంఖ్యలో పోగులు వస్తే, ఆ పోగులు నీటి నుంచి రాలేదని, గది గాలి నుంచీ, పిల్లల దుస్తుల నుంచీ, తుడిచిన గుడ్డ నుంచీ వచ్చాయని మొదట అనుమానించాలి. పాలిస్టర్ యూనిఫాం వేసుకున్న నలభై మంది పిల్లలు పంకా తిరుగుతున్న గదిలో మూత లేని గిన్నె చుట్టూ మూగితే కాగితం మీద పోగులు పడకపోవడమే వింత.

రెండో సంగతి. రంగు ఉన్నంత మాత్రాన పోగు ప్లాస్టిక్ కాదు. రంగు అద్దిన నూలు, రేయాన్ కూడా సూక్ష్మదర్శినిలో అలాగే కనిపిస్తాయి. ప్రపంచంలోని వివిధ సముద్రాల ఉపరితల నీటి నుంచి తీసిన పోగులను రసాయనికంగా పరీక్షించి 2020లో వెలువరించిన ఒక పరిశోధనలో, వాటిలో 8.2 శాతం మాత్రమే కృత్రిమ పోగులని, దాదాపు 80 శాతం పత్తి వంటి సెల్యులోజ్ పోగులని తేలింది. అంతకు ముందు కంటితో చూసి లెక్కపెట్టిన ఎన్నో ఫలితాలను ఇది తిరిగి ఆలోచించవలసిన స్థితికి తెచ్చింది. అందుచేత మీ పిల్లల పోగులను 'రంగు పోగులు' అని మాత్రమే రాయించండి. 'ప్లాస్టిక్ పోగులు' అనే మాట పరీక్షించాకే రావాలి.

బడిలో చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. సూదిని దీపం మీద బాగా వేడి చేసి, భూతద్దంలో చూస్తూ ఆ పోగు దగ్గరకు తీసుకువెళితే నైలాన్, పాలిస్టర్, పాలిథీన్ వంటివి ముడుచుకుంటాయి లేదా కరిగి అంటుకుంటాయి. నూలు పోగు కరగదు, కాలి నల్లబడుతుంది. ఇది ఏ ప్లాస్టిక్ అన్నది చెప్పదు. దానికి ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే యంత్రం) గానీ రామన్ వర్ణపట యంత్రం గానీ కావాలి. (బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1928లో కనుగొన్న కాంతి ధర్మమే ఈ రోజు ఒక రేణువు పాలిథీనా, పాలిస్టరా అని మాకు చెబుతోందని పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు.) విశ్వవిద్యాలయాల్లో ఈ యంత్రాలు ఉంటాయి. శాఖాధిపతికి ముందుగా ఉత్తరం రాసి అడిగితే, పది పదిహేను రేణువులను పరీక్షించి ఇచ్చేవారు దొరకవచ్చు.

ఇక తిరిగి చేసే పద్ధతి. ఒక్క బకెట్ నీళ్ళు నదికి ప్రతినిధి కాదు. ప్రతి చోటా మూడుసార్లు వేర్వేరుగా, ప్రతిసారీ కనీసం వంద లీటర్ల నీటిని స్టీలు బకెట్‌తో తోడి, 300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలున్న స్టీలు జల్లెడలో పోయండి. పైన 5 మిల్లీమీటర్ల జల్లెడ పెడితే ఆకులు, పుల్లలు అక్కడే ఆగుతాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటినే మైక్రోప్లాస్టిక్ అంటారు కనుక మీకు కావలసినది రెండు జల్లెడల మధ్య మిగిలినదే. దానిని గాజు సీసాలోకి కడిగి, మూత పెట్టి తీసుకురండి. ప్లాస్టిక్ బకెట్, ప్లాస్టిక్ సీసా, ప్లాస్టిక్ గరాటు వాడవద్దు. కుళ్ళిన ఆకు పీలికలు ఎక్కువగా ఉంటే మేము గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వాటిని కరిగిస్తాము కానీ అది చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల చేతికి ఇవ్వకూడదు. మందుల దుకాణంలో దొరికే పలుచని ద్రావణంలో కొన్ని రోజులు ఉంచితే పని నెమ్మదిగా జరుగుతుంది. అదీ మీ చేతులతోనే చేయండి.

గదిలో పంకా ఆపించండి, కిటికీలు మూయించండి. లెక్కపెట్టే ఇద్దరు పిల్లలు మాత్రమే లోపల ఉండాలి. వాళ్ళు నూలు బట్టలు వేసుకోవాలి. మన పొందూరు ఖద్దరు లాంటిది ఉంటే అంతకంటే మంచిది లేదు. ఇంకో చిట్కా ఉంది. ఇద్దరూ మరెక్కడా కనిపించని ఒకే ముదురు రంగు, నారింజ అనుకుందాం, నూలు బట్ట కట్టుకుంటే, కాగితం మీద ఆ రంగు పోగు కనిపించగానే అది తమ నుంచి రాలినదని తెలిసిపోతుంది. పక్కన తడి వడపోత కాగితం ఉన్న పెట్రీ డిష్‌ను మూత తీసి ఉంచండి, గాలిలోంచి పడేవి దాని మీద పడతాయి. ప్రతి మూడు నమూనాలకు ఒక బ్లాంక్ చేయించండి. బ్లాంక్‌లో వచ్చిన సంఖ్యను చార్టు మీద నమూనాల పక్కనే అంతే పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇసుక కూడా చూడాలనుకుంటే ఉప్పునీటి పద్ధతి ఉంది. లీటరు నీటిలో సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగితే ఆ ద్రావణం సాంద్రత 1.2 అవుతుంది. మన తీరపు ఇసుకలో ఉండే తెల్లని క్వార్ట్‌జ్ సాంద్రత 2.65. నల్లని ఇల్మనైట్, ఎర్రని గార్నెట్ అనే ఖనిజాలు ఇంకా బరువైనవి. ఎర్రని గార్నెట్ గింజ భూతద్దంలో ప్లాస్టిక్ ముక్కలా మెరిసి పిల్లలను మోసం చేస్తుంది కానీ ఉప్పునీటిలో వెంటనే మునుగుతుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్, థర్మాకోల్, నైలాన్ తేలుతాయి. పాలిస్టర్, పీవీసీల సాంద్రత 1.38 దాకా ఉంటుంది కనుక అవి కూడా మునుగుతాయి. కాబట్టి ఈ పద్ధతిలో అవి లెక్కలోకి రావని చార్టు మీద చెప్పాలి. ఉప్పు నౌపడ నుంచి తెచ్చినా, దుకాణంలో కొన్నా, కరిగించాక తప్పక వడగట్టాలి. మన దేశపు సముద్రపు ఉప్పును ఐఐటీ బొంబాయి పరిశోధకులు పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో కిలోకు సగటున 56 నుంచి 103 వరకు రేణువులు కనిపించాయి. ఉప్పు తయారీకి ముందే సముద్రపు నీటిని ఇసుకలో వడగడితే ఆ ప్లాస్టిక్‌లో బరువు రీత్యా 85 శాతానికి పైగా ఆగిపోతుందని కూడా వారే చూపారు. ఇది నౌపడ ఉప్పుమళ్ళ రైతులకు పనికివచ్చే సంగతి.

క్యాన్ నీళ్ళ గురించి ఒక్క మాట. అందులో ప్లాస్టిక్ లేదని నేను అనడం లేదు. 2018లో తొమ్మిది దేశాల నుంచి 259 సీసాల నీటిని పరీక్షిస్తే 93 శాతం సీసాల్లో రేణువులు కనిపించాయి, ఆ దేశాల్లో మనదీ ఉంది. కానీ మీ కాగితం మీద ఉన్న పోగులు ఆ విషయాన్ని రుజువు చేయలేవు.

ఉద్దానం అబ్బాయి అడిగిన ప్రశ్నకు సూటిగా చెప్పండి. అక్కడి జబ్బుకు కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేస్తూ తగినన్ని నీళ్ళు తాగకపోవడం వంటి అనేక కోణాల్లో పరిశోధనలు జరిగాయి. ప్లాస్టిక్కే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. అక్కడ రెండు మూడు దశాబ్దాలుగా ఎన్నో కుటుంబాలు నష్టపోయాయి. వారి బాధకు ఒక కొత్త పేరు తగిలించే హక్కు మనకు లేదు. మనిషి దేహం మీద ప్లాస్టిక్ ప్రభావం గురించి గట్టి పరిశోధనలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును తొలగించుకున్న 257 మంది రోగులను సుమారు 34 నెలలు గమనించి 2024లో ప్రచురించిన ఇటలీ పరిశోధనలో, ఆ కొవ్వులో ప్లాస్టిక్ ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, మరణం వంటి ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అది సంబంధం మాత్రమే, కారణం అని ఆ పరిశోధకులు కూడా అనలేదు.

చివరగా ఒక ప్రశ్న. పోగులు కాక, పలుచని పొరల పీలికలు, తెల్లని థర్మాకోల్ గింజలు, గట్టి ముక్కలు ఏమైనా కాగితం మీద కనిపించాయా? అవి క్యాన్ నీళ్ళలో కూడా ఉన్నాయా? మీ పాత కాగితాలను పారేయకుండా మళ్ళీ చూసి చెప్పండి.

జవాబు 2: మత్స్యకార కుటుంబం, గార మండలం

టీచరమ్మగారికి నమస్కారం. నేను డిగ్రీ వరకు చదివి నాన్నతో పాటు వేటకు వెళ్తున్నాను. పరిశోధకులు గారు నీటి సంగతి చెప్పారు, నేను తీరం సంగతి చెబుతాను.

మా తాత కాలంలో వలలు నూలుతో అల్లి, చెట్టు బెరడు కషాయంలో ముంచి వాడేవారు. ఇప్పుడు వల నైలాన్, తాడు ప్లాస్టిక్, బెండు థర్మాకోల్ లేదా ప్లాస్టిక్, పడవ ఫైబర్. వల బాగు చేసేటప్పుడు కోసిన ముక్కలన్నీ ఇసుకలోనే పడతాయి. పడవకు మరమ్మత్తు చేస్తూ ఫైబర్‌ను రాపిడి పెడితే లేచే పొడి గాలికి కొట్టుకుపోయి నీటిలో కలుస్తుంది. చేపలకు మంచు వేసే థర్మాకోల్ పెట్టెలు పగిలితే ఒడ్డంతా తెల్ల గింజలే. ఇవి ఎవరో పై ఊరివాళ్ళు తెచ్చి పోసినవి కావు, మా చేతుల మీదుగా వచ్చినవే. వంశధార, నాగావళి వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చే క్యారీ బ్యాగులూ కర్రలూ వేరు. మొదటి వరద తరువాత వల లాగితే చేప కంటే చెత్త ఎక్కువ వచ్చిన రోజులున్నాయి. కాబట్టి పిల్లలు ఒడ్డున చూడాలంటే వల బాగు చేసే చోట ఒకటి, మనుషులు తిరగని చోట ఒకటి తీసుకోమని చెప్పండి, తేడా కనిపిస్తుంది.

నాకు ఒక అనుమానం ఉంది, పరిశోధకులు గారు తీర్చాలి. పెద్ద చేపను పేగులు తీసి కడిగి వండుకుంటాం. నెత్తళ్ళు మాత్రం పేగులతో సహా ఎండబెట్టి, తలకాయ తుంచి లేదా తుంచకుండా అలాగే పులుసు పెడతాం. ఎండబెట్టేది కూడా ఎక్కువగా పాత నైలాన్ వల మీదే. అందులో ప్లాస్టిక్ ఉంటే అది నేరుగా మా కంచంలోకే వస్తుంది కదా. పథ్యంగా బాలింతలకు సైతం ఎండు చేపలు పెట్టే ఇళ్ళు మావి.

జవాబు 3: పర్యావరణ శాస్త్ర పరిశోధకుడు, విశాఖపట్నం

తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. చేప మింగిన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది. అందుకే పేగులతో సహా తినే చిన్న చేపలూ, ఆలుచిప్పల వంటివీ ఈ పరిశోధనల్లో ప్రత్యేకంగా చూస్తారు. 150 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు శరీరంలోకి ఇంకే అవకాశం తక్కువని, చాలా వరకు అలాగే బయటకు పోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నాటి నివేదికలో అభిప్రాయపడింది. అంతకంటే చిన్నవాటి గురించి అంత నిశ్చింతగా చెప్పలేదు, ఇంకా పరిశోధన కావాలని కోరింది. నెత్తళ్ళు మానేయమని నేను చెప్పను. పేదింటికి వాటిలో దొరికే మాంసకృత్తులూ కాల్షియం మరొకదాని నుంచి అంత చవకగా రావు. ఎండబెట్టే చోటు మార్చడం మాత్రం మీ చేతిలో ఉంది. చివికి పొడి రాలుతున్న పాత వలకు బదులు వెదురు తడికల మీద గానీ, నేలకు ఎత్తుగా కట్టిన పందిరి మీద శుభ్రమైన నూలు గుడ్డ పరిచి గానీ ఆరబెడితే ఇసుకా అంటదు, వల పొడీ అంటదు. ఎండకు పెళుసుబారిన నైలాన్‌ను చేతితో నలిపి చూడు, ఎంత పొడి రాలుతుందో నీకే తెలుస్తుంది.

ఒడ్డున కందిగింజంత, ఒకే పరిమాణంలో గుండ్రంగా ఉన్న తెల్లని గుళికలు కనిపిస్తే వాటిని విడిగా సీసాలో వేసి తేదీ రాసి పెట్టు. అవి ప్లాస్టిక్ వస్తువులు తయారు చేసే ముడి గుళికలు. 2021లో కొలంబో దగ్గర తగలబడిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ నుంచీ, 2025 మే నెలలో కేరళ తీరానికి దగ్గరలో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా-3 ఓడ నుంచీ ఇలాంటివి టన్నుల కొద్దీ సముద్రంలో పడ్డాయి.

జవాబు 4: విశ్రాంత ఇంజనీరు, విజయనగరం

నేను గ్రామీణ నీటి సరఫరాలో పని చేసి విరమణ పొందాను. ఈ చర్చలో ఒక విషయం రాలేదు. మన రెండు జిల్లాల్లో ఎన్నో ఊళ్ళకు తాగునీరు నది ప్రవాహం నుంచి నేరుగా రాదు, నది గర్భంలోని ఇసుకలో దించిన ఊటబావుల నుంచి వస్తుంది. నాగావళి అయినా, చంపావతి అయినా, మీటర్ల లోతు ఇసుక గుండా ఇంకి బావిలోకి చేరే నీరు సహజంగానే వడగట్టబడుతుంది. ఉప్పునీటి విషయంలో ఇసుక వడపోత గురించి పరిశోధకులు గారు చెప్పిన మాట ఇక్కడ కూడా వర్తిస్తుందని నా అనుభవం చెబుతోంది. ఆ ఇసుకను లారీలకెత్తి అమ్ముకున్న కొద్దీ మన వడపోత పొర పలుచనవుతుంది, నీటిమట్టం దిగిపోతుంది. ఇసుక తవ్వకం గురించి మాట్లాడేటప్పుడు మనం ఒడ్డు కోత గురించీ, వంతెనల పునాదుల గురించీ మాట్లాడతాం కానీ, ఆ ఇసుకే మన ఊరి నీటి ఫిల్టరు అన్న సంగతి ఎవరూ ఎత్తరు. టీచరుగారు వీలైతే నది నీటినీ, ఊటబావి నుంచి వచ్చే నీటినీ పక్కపక్కన పరీక్షింపజేయండి. ఊటబావి దగ్గర నమూనా తీసుకోవడానికి పంచాయతీ కార్యదర్శి అనుమతి తీసుకుంటే చాలు. కుళాయి నుంచి మాత్రం తీసుకోవద్దు. గొట్టం పీవీసీది అయితే గొట్టం నుంచి వచ్చినదేదో, నీటి నుంచి వచ్చినదేదో చెప్పలేరు.

అడిగినవారి తిరుగు సమాధానం: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

అందరికీ కృతజ్ఞతలు. పాత కాగితాలను పిల్లలతో కలిసి ఈ రోజు మళ్ళీ చూశాను. మురుగు గెడ్డ కలిసే చోటి కాగితం మీద పలుచని పారదర్శకమైన పీలికలు, నీలం రంగు పొర ముక్కలు ఉన్నాయి. సూది వేడికి అవి ముడుచుకున్నాయి. ఎగువ నీటి కాగితం మీద అలాంటిది ఒక్కటే దొరికింది. క్యాన్ నీళ్ళ కాగితం మీద ఏమీ లేవు. పోగుల్లో మాత్రం సగానికి పైగా సూది వేడికి కరగకుండా నల్లబడ్డాయి. మా యూనిఫాం నీలం రంగు పోగులు కొన్నింటిని పిల్లలే గుర్తుపట్టారు. కవిటి అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 'ఇంకా తెలియదు' అని టీచరు చెప్పడం అతనికి కొత్తగా అనిపించినట్టుంది, కాసేపు మౌనంగా ఉండి, అయితే ఎవరు కనుక్కుంటారని అడిగాడు.

ఇప్పుడు ఒక్క బకెట్ ఫలితంతోనే ఆ పీలికల గురించి రాయవచ్చా? లేక వంద లీటర్ల పద్ధతిలో తిరిగి చేసేవరకు ఆగాలా?

జవాబు 5: పర్యావరణ శాస్త్ర పరిశోధకుడు, విశాఖపట్నం

తిరిగి చేయండి. ఇప్పటిది 'తొలి పరిశీలన' అని రాసి, రెండోసారి ఫలితం దాని పక్కన పెట్టండి. రెండూ ఒకేలా ఉన్నా, లేకపోయినా రెండింటినీ చూపించండి. పోగుల సంఖ్యను చార్టు నుంచి తీసేయకండి, బ్లాంక్‌లోనూ అన్నే వచ్చాయి కాబట్టి వాటిని బట్టి నది గురించి ఏమీ చెప్పలేమని రాయించండి. తుది నమూనాలు వానలు మొదలయ్యే ముందు ఒకసారి, మొదటి వరద తగ్గాక ఒకసారి తీయగలిగితే ఇంకా మంచిది.

కాగితాలన్నిటినీ గాజు పలకల మధ్య పెట్టి, అంచులు మూసి, దాచండి. మైక్రోప్లాస్టిక్ అన్న మాటను 2004లో వాడుకలోకి తెచ్చిన ప్లిమత్ విశ్వవిద్యాలయపు రిచర్డ్ థాంప్సన్ బృందం, సముద్రంలో ఈ రేణువులు దశాబ్దాల పొడవునా పెరుగుతూ వచ్చాయని చూపగలిగిందంటే, 1960ల నుంచి ఓడల వెనుక లాగి పట్టిన ప్లవకాల (నీటిలో తేలియాడే చిన్న జీవుల) నమూనాలను ఎవరో పారేయకుండా దాచి ఉంచడం వల్లనే. ఆ రోజు వాటిని దాచినవారు ప్లాస్టిక్ కోసం దాచలేదు. ప్రతి పలకకు అంటించిన కాగితపు చీటీ మీద చోటు, తేదీ, సమయం, ఎన్ని లీటర్లు, ఏ జల్లెడ, ఎవరు లెక్కపెట్టారు, ఆ రోజు వారు వేసుకున్న బట్ట రంగు ఏమిటి అన్నవి పెన్సిలుతో రాయించండి. సిరా తడికి చెరిగిపోతుంది. ఆ పది పదిహేను పొర పీలికలను మాత్రం అల్యూమినియం రేకులో చుట్టి నాకు పంపండి, మా ఎఫ్‌టీఐఆర్ మీద పెట్టి ఏ ప్లాస్టిక్కో రాసి పంపుతాను.